మా తోట ఇంటికి వచ్చే ముందు, వచ్చాక మీరు అడిగే ప్రశ్నలు

వికారాబాద్ దాటి తాండూరు వైపు వెళ్లే దారిలో, మా రెండున్నర ఎకరాల చేను మధ్యలో ఉంది, అతిథులు వచ్చి ఉండటానికి ఇచ్చే ఈ ఇల్లు. కూలగొట్టిన ఇళ్ల నుంచి తెచ్చిన కలప, గూన పెంకులు, ఇటుకలు, చుట్టుపక్కల దొరికే నాపరాయి, మట్టి, సున్నం కలిపి కట్టాం. రావాలనుకునేవాళ్లు ఫోన్లో అడిగేవీ, వచ్చినవాళ్లు సాయంత్రం అరుగు మీద కూర్చుని అడిగేవీ ఇక్కడ ఒక్కచోట రాశాను. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోయింది. మట్టి గోడలు, పాత కలప గురించి అడిగితే మాత్రం నాకు తక్కువ మాటల్లో చెప్పడం చేతకాదు, ఓపిగ్గా చదవండి.

ఎక్కడుంది, ఎలా రావాలి?

హైదరాబాద్ నుంచి కారులో అయితే అప్పా జంక్షన్ దగ్గర బీజాపూర్ రోడ్డు ఎక్కి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ రావాలి. అక్కణ్ణుంచి ధారూరు వైపు. మూడు గంటలు పెట్టుకోండి. చేవెళ్ల దారిలో రోడ్డుకి అటూ ఇటూ పాత మర్రిచెట్లు ఉంటాయి, వాటి కింద ఒకసారి బండి ఆపి నడుం సాగదీసుకోండి. రోడ్డు వెడల్పు పేరుతో ఆ చెట్లు పోకూడదని చాలామంది ఏళ్లపాటు కొట్లాడారు.

రైలైతే ఇంకా సుఖం. వికారాబాద్‌లో గానీ తాండూరులో గానీ దిగితే ఆటో మాట్లాడి పంపిస్తాం. ఊరు దాటాక చివరి ఒకటిన్నర కిలోమీటరు మట్టిబాట, అదీ నల్లరేగడి. గట్టి వాన పడిన రోజు చిన్న కార్లు దిగబడతాయి. అలాంటప్పుడు కారు ఊళ్లో బడి దగ్గర పెట్టేసి ఫోన్ చేయండి, ట్రాక్టరు తీసుకుని వస్తాం.

ఎంతమంది ఉండొచ్చు?

మూడు గదులు, మధ్యలో పెద్ద హాలు, ముందు వసారా. ఎనిమిది మందికి బాగా సరిపోతుంది. ఒకసారికి ఒక్క కుటుంబానికో, ఒక్క స్నేహితుల బృందానికో మాత్రమే ఇస్తాం. కొత్తవాళ్లని పక్క గదిలో దించం.

ఏసీ ఉందా? ఎండాకాలం ఉండగలమా?

ఏసీ లేదు, ఫ్యాన్లు ఉన్నాయి. మట్టి గోడలు అడుగున్నర మందం. పొద్దున పడ్డ ఎండ ఆ గోడలో మెల్లగా పాకుతూ లోపలి ముఖానికి వచ్చేసరికి చీకటి పడిపోతుంది. అప్పుడు కిటికీలు తెరిస్తే బయటి చల్లగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. అందుకే ఎండాకాలం పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు మూసేస్తాం, సాయంత్రం ఆరు దాటాక తెరుస్తాం. మీరు కూడా ఈ ఒక్క పద్ధతి పాటిస్తే మధ్యాహ్నం నాపరాయి బండల మీద చాప వేసుకుని హాయిగా నిద్రపోవచ్చు.

కానీ ఉన్నమాట చెప్పాలి. మే నెలలో గాలి ఆగిపోయిన రాత్రులు మాకే కష్టంగా ఉంటాయి, మంచాలు బయట వేసుకుంటాం. పసిపిల్లలు ఉన్నవాళ్లు తొలకరి పడ్డాక రండి. చలికాలం రాత్రులు బాగా చల్లబడతాయి, స్వెట్టర్లు మర్చిపోకండి.

పాత సామాను అన్నారు. ఏమేం పాతవి? ఎక్కణ్ణుంచి తెచ్చారు?

తలుపులు, దర్వాజలు (తలుపు చట్రాలు), కిటికీలు, దూలాలు, స్తంభాలు, వాసాల్లో సగం, కప్పు మీది గూన మొత్తం, వంటింటి గోడల ఇటుకలు. ఇవి పదకొండు ఇళ్ల నుంచి వచ్చాయి. కొన్ని పరిగి, తాండూరు వైపు ఊళ్లవి, కొన్ని హైదరాబాద్ పాత సామాన్ల దుకాణాల్లో కొన్నవి.

దూలాల్లో ఎక్కువ టేకు, రెండు నల్లమద్ది, వంటింటి మీద ఉన్నవి తాటి దూలాలు. పాత టేకు ఎందుకు మంచిదంటే, అది నిదానంగా పెరిగిన చెట్టు, చేవ, అంటే లోపలి గట్టి భాగం, ఎక్కువ. పైగా డెబ్భై ఎనభై ఏళ్లు ఇంట్లో ఉండి ఆరిపోయిన కలప, ఇక వంకర పోవడం ఉండదు. ఇబ్బందల్లా కోయించడంలోనే. పాత దుంగ అంటే కోత మిషన్ వాళ్లు జంకుతారు, లోపల మేకు ఉంటే రంపం పళ్లు ఊడిపోతాయని. మా వడ్రంగి అయస్కాంతం పట్టుకుని ఒక్కో దూలం మీద అంగుళం అంగుళం వెతికి, మేకు ఉన్నచోట సుద్దతో సున్నా చుట్టి, ఒక్కొక్కటి పీకాక గానీ మిషన్ మీదికి ఎక్కించలేదు. ఒక దూలంలో ముప్ఫై నాలుగు మేకులు వచ్చాయి. అవన్నీ హాల్లో గూట్లో, ఒక ఇత్తడి చెంబులో ఉన్నాయి, చూడండి. కమ్మరి కొట్టిన మేకులు, ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు.

ముందు తలుపు గురించి చాలామంది చెప్పారు. దాని కథ ఏమిటి?

రోడ్డు వెడల్పులో పోయిన ఒక ఇంటిది అది. మేము వెళ్లేసరికి ముందు అరుగులు అప్పటికే లేవు. జేసీబీ వీధి చివర ఆగి ఉంది. ఆ ఇంటి అవ్వ దర్వాజ పక్కన నేల మీద కూర్చుని ఉంది. డబ్బు సంగతి వాళ్ల అబ్బాయి మాట్లాడాడు. అవ్వ మాత్రం నన్ను పిలిచి, "బిడ్డా, కడప మీద ఎవ్వరినీ కాలు పెట్టనియ్యకు, శుక్కురారం పసుపు రాయి" అంది. అంతే అడిగింది.

దగ్గరికి వెళ్లి చూస్తే మీకూ కనిపిస్తుంది. పైకమ్మీ మీద రెండు చిలకలు ఎదురెదురుగా చెక్కి ఉన్నాయి, కుడి చిలక ముక్కు విరిగింది. గడప రెండు చివర్లా కలప పీచుల్లో పసుపు ఇంకిపోయి ఉంది, ఎన్నిసార్లు కడిగినా పోలేదు, పోవాలని మేము అనుకోలేదు కూడా. ఎడమ నిలువు కమ్మీ లోపలి వైపు, నడుం ఎత్తులో ఐదేసి గీతలు గుత్తులుగా చెక్కి ఉన్నాయి. ధాన్యం బస్తాల లెక్క అట, అవ్వ మామగారు గీసినవి. పాలిష్ చేయించేటప్పుడు వడ్రంగి ఆ భాగం వదిలేశాడు.

ఇల్లు పూర్తయ్యాక అవ్వని తీసుకొచ్చాం. కొంగుతో గడప తుడిచి, పసుపు రాసి, లోపలికి వచ్చి అన్నం తింది. దయచేసి ఆ గడప దాటి రండి, తొక్కి రాకండి.

ఇలాంటి సామాను కోసం మంచి ఇళ్లు కూలగొట్టినట్టు కాదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు గౌరవం. ఇల్లు నిలబడేలా ఉంటే దాని సామాను మేము కొనలేదు. రెండు చోట్ల, కప్పు బాగు చేయించుకుంటే ఇంకో ముప్ఫై ఏళ్లు ఉంటుందని చెప్పి, మేస్త్రీని పంపి తిరిగి వచ్చాం. అందులో ఒక ఇల్లు ఇప్పటికీ ఉంది. రెండోది మరుసటి ఏడాదే పడగొట్టేశారు. ఆ దూలాలు ఇటుక బట్టీకి కట్టెలుగా పోయాయని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ ఊరి మీదుగా వెళ్తే మనసు చివుక్కుమంటుంది.

పాత తలుపులకి గిరాకీ పెరిగి, దుకాణాల వాళ్లు ఊళ్లలోకి వచ్చి, ఉన్న ఇంటికే ధర కట్టడం నేను చూశాను. మీరు ఎప్పుడైనా కొంటే, అది ఏ ఊరి ఇంటిదో, ఎందుకు తీశారో అడగండి. చెప్పలేనివాళ్ల దగ్గర కొనకండి.

నేల, మెట్లు, చుట్టుగోడ ఏ రాయితో?

మొత్తం తాండూరు నాపరాయి. కొందరు షాబాద్ బండలు అంటారు, ఇక్కడి నుంచి కర్ణాటక షాబాద్ దాకా ఇదే జాతి సున్నపురాయి. కోట్ల ఏళ్ల కింద నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకుని రాయైంది, అందుకే బండ బండగా విడివడి వస్తుంది. నీలం, పసుపు రెండు రంగులూ వాడాం. హాల్లో నీలం, వసారాలో పసుపు.

చుట్టుగోడకి కొత్త రాయి కొనలేదు. తాండూరు పాలిషింగ్ మిషన్ల దగ్గర చదరంగా కోయగా మిగిలిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. అవి ట్రాక్టర్లలో తెచ్చి, పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చాం. మూడు అడుగుల గోడ, సున్నం కూడా లేదు. దాని మీద ఎక్కి ఫోటోలు తీసుకోవద్దు.

ఒక చిన్న విన్నపం. ఇది సున్నపురాయి కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూం కడిగే యాసిడ్ పడితే నిగారింపు పోయి తెల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చ తుడిస్తే పోయేది కాదు. పచ్చిపులుసు ఒలికితే కంగారు పడకండి, వెంటనే నీళ్లు పోసి గుడ్డతో ఒత్తేయండి.

మట్టి గోడ అంటున్నారు. వానకి కూలిపోదా? పిల్లలతో పడుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడటంలో తప్పు లేదు. ప్రతి వానాకాలం మన దగ్గర పాత గోడ కూలి మనుషులు చనిపోయారనే వార్త చదువుతూనే ఉన్నాం. కట్టే ముందు మమ్మల్ని ఎక్కువగా వేధించిన విషయం ఇదే. అందుకని కూలిన గోడలు ఎలా కూలాయో చూడటానికి మేస్త్రీ తాతతో కలిసి నాలుగు ఊళ్లు తిరిగాం.

తాత చూపించింది ఇది. గోడ మధ్యలో కూలదు. ఒకటి, కప్పు మీద పెంకు జారి, ఆ సందులోంచి నీళ్లు గోడ నెత్తిన దిగుతాయి. లేదంటే కింద, వీధిలో సీసీ రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెరిగి, వాననీళ్లు గోడ మొదట్లో నిలుస్తాయి. లోపల మట్టి మెత్తబడినా పైకి తెలియదు, మనుషులు దాన్ని ఆనుకునే పడుకుంటారు. ఇంట్లో ఎవరూ లేక రెండేళ్లు తాళం పడితే ఆ రెండూ జరిగిపోతాయి. "గోడకి తలా తడవొద్దు, కాలూ తడవొద్దు" అన్నాడు తాత. మా ఇల్లు మొత్తం ఆ మాట మీదే కట్టాం.

నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు బారుతుంది, దాని మీద ఏ గోడ కట్టినా పగుళ్లిస్తుంది. అందుకే ఐదు అడుగులు తవ్వి, గట్టి మొరం తగిలాక రాతి పునాది వేశాం. ఆ రాతి కట్టుబడిని నేల మీదికి కూడా రెండున్నర అడుగులు లేపి, అప్పుడు మట్టి గోడ మొదలుపెట్టాం. ఇంటి చుట్టూ నేల బయటి వైపుకి వాలుగా ఉంటుంది, నీళ్లు నిలవవు. పైన చూరు గోడని దాటి మూడు అడుగులు ముందుకొస్తుంది, జల్లు కొట్టినా గోడ పైసగం తడవదు.

మట్టి మా చేలోది కాదు, నల్లరేగడి గోడకి పనికిరాదు. ఊరి పక్క గుట్ట ఎర్రమట్టి తెచ్చి, వరిగడ్డి కలిపి, నీళ్లు పోసి మూడు రోజులు నానబెట్టి, కాళ్లతో తొక్కించాం. ఒక్క వరస అడుగున్నర ఎత్తు. అది ఆరి గట్టిపడితేనే దాని మీద ఇంకో వరస. తొందరపడి రెండు వరసలు ఒకేసారి పెడితే కింది వరస బరువుకి పక్కకి ఉబుకుతుంది. పశ్చిమ గోడ ఒకటి అలా ఉబికితే తాత మారుమాట లేకుండా తీయించేశాడు. నాలుగు మూలలా, దూలాలు ఆనే చోటల్లా మట్టిలో కాకుండా రాతి స్తంభాలు ఉన్నాయి, కప్పు బరువు వాటి మీదే ఉంది. ఇంజనీరుకి చూపించాకే ముందుకు వెళ్లాం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ని ముంచేసిన ఆ వానలకి ఇక్కడ కూడా గట్టిగా కురిసింది. రాత్రంతా టార్చిలైటు పట్టుకుని గోడల మొదట్లో చేత్తో తడిమి చూస్తూ తిరిగాం. ఎక్కడా చెమ్మ రాలేదు.

సిమెంటు అస్సలు వాడలేదా?

వాడాం. సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకు, బాత్రూం నేల సిమెంటువే. సిమెంటంటే నాకు కోపం లేదు, తాండూరు చుట్టూ ఎన్నో ఇళ్లు ఆ ఫ్యాక్టరీల మీదే బతుకుతున్నాయి. కానీ అవసరం లేనిచోట వద్దనుకున్నాం. ప్రపంచంలో మనుషుల వల్ల గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం దాకా సిమెంటు తయారీ నుంచే వస్తోంది.

ఒక దెబ్బ కూడా తిన్నాం. మొదటి ఏడాది బాత్రూం వెనక మట్టి గోడకి, నీళ్లు పడతాయి కదా అని, ఒక కాంట్రాక్టరు మాట విని సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం. చూడ్డానికి నున్నగా ఉంది. ఆగస్టు చివర్లో ఒక పొద్దున వెళ్లి చూస్తే ఆ ప్లాస్టరింగ్ తలుపంత పలకగా గోడ నుంచి విడిపోయి ముందుకి వంగి ఉంది. లాగితే మొత్తం చేతికి వచ్చింది. వెనక మట్టి, నానిన బిస్కెట్‌లా ఉంది. మట్టి గోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. లోపలికి వెళ్లిన తడికి బయటికి దారి లేకపోయింది. ఆ గోడ మొత్తం తీసేసి, అక్కడ రాతి గోడ కట్టాం. సొంత ఊళ్లో పాత మట్టి ఇల్లు ఉండి, దానికి సిమెంటు పూత వేయిద్దామనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆగండి. సున్నం వేయించండి.

గోడల మీది ఆ నునుపు ఏమిటి? పెయింటా?

డంగు సున్నం. 1591లో చార్మినార్ కట్టినప్పుడు రాళ్లని పట్టి ఉంచింది కూడా సున్నమే, కొత్త సంగతేమీ కాదు, మనం మర్చిపోయిన సంగతి.

కాల్చిన సున్నాన్ని గోతిలో నీళ్లు పోసి నెల రోజులు ఊరబెట్టాం. తర్వాత ఇసుక కలిపి గానుగలో రుబ్బాలి. రాతి చక్రం ఎద్దులతో తిప్పే పాత సున్నం గానుగ మా ఊళ్లో గుడి వెనక సగం పూడిపోయి ఉంటే పంచాయతీ వాళ్లని అడిగి తవ్వించాం. చక్రం పగిలి ఉండటంతో తిప్పలేకపోయాం, చివరికి రోలర్ ఉన్న గ్రైండర్ మిషన్ అద్దెకి తెచ్చాం. అందులో కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోశాం. ఆఖరి పూత పెసరగింజంత మందం కూడా ఉండదు. నున్నటి గులకరాయితో ముగ్గురు ఆడవాళ్లు రోజంతా రుద్దారు. హాల్లో ఉత్తరం గోడ మీద పొద్దున ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఆ రాయి తిరిగిన గుండ్రటి జాడలు కనిపిస్తాయి. ఏడున్నర ప్రాంతంలో చూడండి.

సున్నం కాల్చడానికి 900 డిగ్రీల వేడి చాలు, సిమెంటుకి 1,450 దాకా కావాలి. పైగా పూసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లమెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది.

గోడకి చెప్పులు, సూట్‌కేసులు తగిలితే గీత పడుతుంది. మేమే బాగు చేసుకుంటాం, డబ్బులు అడగం. చెప్పండి చాలు.

చెదలు పట్టవా?

టేకు చేవకి అంత తొందరగా పట్టవు. వాసాల్లో వేపవి, కొత్తవి ఉన్నాయి. వాటికి జీడిపిక్కల నూనె పూశాం. ముఖ్యం ఏమిటంటే కలప ఎక్కడా నేలకి తగలదు, ప్రతి స్తంభం కింద రాతి దిమ్మె ఉంది. చెద రాతి మీద నుంచి పాకితే మట్టి దారి కనిపిస్తుంది. నెలకోసారి చీపురు పట్టుకుని చూసుకుంటాం.

గూన కప్పు కారదా? కోతులు రావా?

కోతుల సంగతి చెప్తే మనసుకి కష్టంగా ఉంటుంది. మా ప్రాంతంలో గూన ఇళ్లు మాయమవడానికి పెద్ద కారణాల్లో అవి ఒకటి. అడవుల్లో పండ్ల చెట్లు తగ్గి ఊళ్ల మీద పడ్డాయి, గుంపు ఒకసారి కప్పు మీద పరిగెత్తితే వంద పెంకులు పోతాయి. ఏటేటా సర్దించలేక జనం రేకులు వేసుకున్నారు. మాకు గూన అంత దొరికింది అలా తీసేసిన ఇళ్ల నుంచే.

మేము గూన కింద పలకలు పరిచి, వాటి మీద ఒక వరస చదరపు పెంకులు వేసి, దాని మీద గూన కప్పించాం. పైది పగిలినా నీళ్లు లోపలికి రావు. అయినా మే నెలాఖరుకి కప్పు మొత్తం ఒకసారి తిరగేసి సర్దిస్తాం. రెండు రోజుల పని. పెంకు చేసే కుమ్మరి ఇప్పుడు మా చుట్టుపక్కల ఒక్కరే ఉన్నారు, ఏటా ఐదు వందలు ఆయన దగ్గర చేయించి పెట్టుకుంటాం. కోతులకి తినడానికి ఏమీ పెట్టకండి, చెత్త డబ్బా మూత వేయండి. ప్రేమతో పెట్టినా చివరికి కప్పుకే చేటు.

పాములు, తేళ్లు?

చేను మధ్యలో ఇల్లు, ఉంటాయి. రాళ్ల గోడ దగ్గర తేళ్లు, చేలో నాగుపాము, కట్లపాము చూశాం. ఇంటి లోపలికి ఇన్నేళ్లలో ఒకేసారి, ఒక తేలు వచ్చింది. తలుపుల కింద సందులు మూసి, కిటికీలకి జాలీ కొట్టించాం. చీకటి పడ్డాక టార్చి లేకుండా బయట తిరగకండి, బూట్లు దులిపి తొడుక్కోండి, రాళ్ల సందుల్లో పిల్లల్ని చేతులు పెట్టనివ్వకండి. ఏదైనా జరిగితే కట్లు కట్టడం, కోయడం, నాటుమందు ఏవీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి మమ్మల్ని పిలవండి, బండి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, తాండూరు గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్తాం.

పెద్దవాళ్లకి ఇబ్బంది ఉంటుందా?

ముందే చెప్తే దక్షిణం గది ఇస్తాం, దానికి మెట్లు లేవు, బాత్రూం ఆనుకునే ఉంటుంది, కమోడ్ ఉంది, పట్టుకోవడానికి కడ్డీ ఉంది. మిగతా రెండు గదుల గడపలు ఎత్తు. దర్వాజలు పాతకాలపువి, ఐదున్నర అడుగులే. పొడుగ్గా ఉన్నవాళ్లు తల వంచి రావాలి, మొదటి రోజు అందరికీ ఒకసారి తగులుతుంది.

భోజనం?

ఊళ్లో ఇద్దరు అక్కలు వచ్చి వండుతారు. జొన్న రొట్టె, కందిపప్పు, కూర, పచ్చిపులుసు, పెరుగు. చెప్తే నాటుకోడి. పప్పు ఎందుకింత రుచిగా ఉందని అందరూ అడుగుతారు. తాండూరు కంది అది, 2022లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు పంట అనే ముద్ర, వచ్చింది. ఇక్కడి నేలలో ఉన్న గుణం. తొందరగా ఉడుకుతుంది, కమ్మగా ఉంటుంది. కావాలంటే వెళ్లేటప్పుడు పక్క రైతు దగ్గర రెండు కిలోలు ఇప్పిస్తాం.

సిగ్నల్, వైఫై, కరెంటు?

సిగ్నల్ అరుగు మీద బాగా వస్తుంది, లోపలి గదుల్లో తక్కువ. వైఫై లేదు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద లైట్లు, ఫ్యాన్లు నడుస్తాయి.

ఫంక్షన్లు, ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసుకోవచ్చా?

ఇంట్లోవాళ్ల పుట్టినరోజు, పెళ్లిరోజు సంతోషంగా చేసుకోండి. డీజే, జనరేటర్, యాభై మంది వద్దు. స్తంభాలకి మేకు కొట్టడం, టేపు అంటించడం అస్సలు వద్దు.

చుట్టుపక్కల ఏం చూడొచ్చు?

అనంతగిరి కొండలు, పద్మనాభస్వామి గుడి. హైదరాబాద్ మధ్యలోంచి పారే మూసీ నది ఆ కొండల్లోనే పుడుతుంది. కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర పడవలు ఉంటాయి. నన్నడిగితే ఒక పూట నాపరాయి గనుల వైపు వెళ్లి రండి. మీరు నడుస్తున్న బండ నేలలోంచి ఎలా వస్తుందో, ఎండలో నిలబడి దాన్ని తీసేవాళ్ల చేతులు ఎలా ఉంటాయో చూస్తారు.

మేమూ ఇలా కట్టుకోవాలనుకుంటున్నాం. ఖర్చు తక్కువ అవుతుందా?

తక్కువ అవుతుందని వస్తే నిరాశ పడతారు. సామాను చౌక, పని ఖరీదు. మేము పెట్టిన ప్రతి పది రూపాయల్లో ఆరు కూలీకే పోయాయి. ఒకటిన్నరేళ్లు పట్టింది, రెండు వానాకాలాలు పని ఆపేశాం. కానీ ఆ ఆరు రూపాయలూ ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉండిపోయాయి. మేస్త్రీ, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మట్టి తొక్కినవాళ్లు, సున్నం రుద్దినవాళ్లు. ఇంట్లో ఏది పాడైనా సైకిల్ మీద వచ్చి బాగు చేసేవాళ్లు ఉన్నారు. ఈ ఇంట్లో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

ఆదర్శ గ్రామం ఎలా ఉండాలో రాస్తూ గాంధీగారు, ఇళ్లు ఐదు మైళ్ల లోపల దొరికే సామానుతో కట్టాలన్నారు. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ ఆ మాటని జీవితాంతం పట్టుకుని వందల ఇళ్లు కట్టారు. మేము పూర్తిగా ఆ లెక్కకి నిలబడలేదు. మట్టి, వరిగడ్డి, పునాది రాయి ఆ లోపలివే. నాపరాయి అంతకంటే దూరం. టేకులో కొంత హైదరాబాద్ నుంచి లారీలో వచ్చింది. మీ ఊరు గోదావరి జిల్లాలో ఉంటే మా పద్ధతి కాపీ కొట్టకండి, అక్కడి మట్టి వేరు, వాన వేరు, మండువా లోగిళ్లు కట్టిన మేస్త్రీలు వేరు. రాయలసీమ అయితే బండ మిద్దెల మీద చౌడు మట్టి పరిచే పద్ధతి ఉంది, ముందు దాన్ని చూడండి. మీ నాయనమ్మ ఇల్లు ఎలా కట్టారో అడగడంతో మొదలుపెట్టండి. నేర్చుకోవాలనుకునేవాళ్లకి పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లోని ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌లో మట్టి కట్టడాల మీద శిక్షణ ఇస్తారు.

మా ఊళ్లో పాత ఇల్లు తీసేస్తున్నాం. సామాను తీసుకుంటారా?

ముందు మేస్త్రీని పంపుతాం, నిలబెట్టే వీలుందేమో చూస్తాడు. లేదంటే తప్పకుండా తీసుకుంటాం, మాకు అక్కర్లేకపోతే కావలసినవాళ్లకి చెప్తాం. జేసీబీ రాకముందే ఫోన్ చేయండి. విప్పే ముందు ఇంటికి నాలుగు వైపులా, లోపలా ఫోటోలు తీయండి. ప్రతి దూలం, ప్రతి వాసం మీద సుద్దతో నెంబరు వేసి, ఏది ఎక్కడిదో కాగితం మీద గీసి పెట్టుకోండి. దర్వాజని ముక్కలు చేయకండి, నాలుగు కమ్మీలు కలిపే దింపండి. కలపని నేల మీద వేయకుండా కింద రాళ్లు పెట్టి, మధ్యలో గాలి ఆడేలా పేర్చి, పైన పట్టా కప్పండి. గూనని నిలబెట్టి వరసలుగా పేర్చండి, పడుకోబెడితే బరువుకి కింది వరస పగిలిపోతుంది.